గోదాం, హాస్టల్, ఫంక్షన్ హాలు: అద్దె వెనక ఉన్న వ్యాపారం

హైదరాబాద్ శివార్లలో కోటి రూపాయలు పెట్టి కొన్న ఫ్లాటుకు నెలకు పాతిక వేల అద్దె వస్తే యజమాని సంతోషిస్తాడు. ఏడాదికి మూడు లక్షలు. ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉన్న రోజులు తీసేస్తే చేతికి మిగిలేది పెట్టుబడిలో మూడు శాతం కూడా ఉండదు. బ్యాంకులో వేసుకుంటే అంతకు రెట్టింపు దాకా వస్తుంది. అయినా జనం ఫ్లాట్లు కొంటూనే ఉన్నారంటే అద్దె కోసం కాదు, రేటు పెరుగుతుందన్న నమ్మకంతోనే. స్థిరాస్తి మాట వస్తే అక్కడ గజం ఎంత పలుకుతోందని అడుగుతాం. ఏడాదికి ఎంత ఆదాయం వస్తుందని అడిగేవారు తక్కువ.

రిటైరైన ఉద్యోగులు, విదేశాల్లో స్థిరపడినవాళ్లు, పట్టణాల్లోని వ్యాపారులు ఇప్పుడిప్పుడే ఆ రెండో ప్రశ్న వేస్తున్నారు. దాంతో గోదాములు, కోల్డ్ స్టోరేజీలు, హాస్టల్ భవనాలు, ఫంక్షన్ హాళ్లు, పెట్రోలు బంకు స్థలాలు, ఫాం ప్లాట్లు పెట్టుబడి జాబితాలోకి వచ్చాయి. వీటిలో అద్దె శాతం ఇంటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకు కారణం ఉంది. ఇంటి అద్దె ఒకరి జీతంలోంచి వస్తుంది. ఆ మనిషి వెళ్లిపోతే మరొకరు వస్తారు, ఎందుకంటే ఇల్లు అందరికీ కావాలి. గోదాం అద్దె సరుకు కదలికలోంచి వస్తుంది, కోల్డ్ స్టోరేజీ అద్దె పంటలోంచి, ఫంక్షన్ హాలు అద్దె ముహూర్తాల్లోంచి. అంటే ఇలాంటి ఆస్తి కొన్నవాడు తెలిసో తెలియకో ఆ వ్యాపారంలో వాటాదారు అవుతున్నాడు. ఆ నష్టభయానికి వచ్చే పరిహారమే ఎక్కువ అద్దె. ఈ సంగతి పట్టించుకోకుండా భూమి కొన్నట్టు కొంటేనే చిక్కు.

గోదాముల సంగతే తీసుకుందాం. 2017 జులై 1న జీఎస్టీ రాకముందు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. అదే కంపెనీ తన సరుకును తన సొంత గోదాముకు తరలిస్తే ఆ పన్ను ఉండేది కాదు. అందుకే ప్రతి కంపెనీ ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న గోదాం పెట్టుకునేది. పన్ను కోసం పుట్టిన ఆ గోదాములకు జీఎస్టీతో అవసరం తీరిపోయింది. కంపెనీలు నాలుగు చిన్నవి మూసి ఒక పెద్దది తెరవడం మొదలుపెట్టాయి. అదే సమయంలో ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగి మేడ్చల్, శంషాబాద్, కొత్తూరు, పటాన్‌చెరు వైపు విశాలమైన గోదాములకు గిరాకీ వచ్చింది. ఒకే ఊళ్లో, ఒకే రోడ్డు మీద పాత రేకుల షెడ్డు ఖాళీగా పడి ఉంటే పక్కనున్న కొత్త గోదాం కట్టకముందే నిండిపోయింది.

తేడా ఎక్కడుందో దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. నలభై అడుగుల కంటైనర్ లారీ లోపలికి వచ్చి తిరగడానికి ఖాళీ జాగా ఉందా, లారీ బల్ల ఎత్తుకు సమానంగా ప్లాట్‌ఫారం ఉందా, అయిదారు వరసల ఎత్తున అరలు పేర్చడానికి పైకప్పు సరిపోతుందా, ఫోర్క్‌లిఫ్టు బరువుకు నేల పగలకుండా ఉంటుందా, అగ్నిమాపక శాఖ అనుమతి ఉందా. అద్దెకు వచ్చే పెద్ద కంపెనీ మనిషి మొదట చూసేవి ఇవే. అమ్మేవాడు మాత్రం హైవేకు ఎంత దూరమో చెబుతాడు. హైవే పక్కనే ఉన్నా లారీ తిరగని గోదాముకు చిన్న వ్యాపారులే దిక్కు. వాళ్లు అద్దె తక్కువ ఇస్తారు, త్వరగా మారతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. పదివేల చదరపు అడుగుల షెడ్డు, అడుగుకు 20 రూపాయల అద్దె, ధర మూడు కోట్లు అనుకుందాం. ఏడాదికి 24 లక్షలు, అంటే ఎనిమిది శాతం. అమ్మేవాడు చూపించే అంకె ఇదే. మూడేళ్లకోసారి అద్దెదారు మారి, ప్రతిసారీ నాలుగు నెలలు ఖాళీగా ఉంటే సగటున ఏడాదికి రెండు లక్షల డెబ్భై వేలు పోతాయి. వాచ్‌మన్ జీతం, ఆస్తి పన్ను, బీమా కలిపి మూడు లక్షలు. రేకులు, షట్టర్లు, నేల మరమ్మతులకు మరో లక్ష. మిగిలేది పదిహేడు లక్షల చిల్లర. ఎనిమిది శాతం కాస్తా ఆరు లోపుకు దిగింది. అప్పటికీ ఇంటికన్నా నయమే. కానీ తొమ్మిది పది శాతం వడ్డీకి అప్పు తెచ్చి కొన్నవాడికి నెలనెలా చేతి నుంచే డబ్బు వేసుకోవాల్సి వస్తుంది. ఇలాంటి ఆస్తి బేరాల్లో ఖాళీ నెలల లెక్క అడిగితే చాలు, అవతలివాళ్ల మాట తీరు మారుతుంది. ఆ లెక్క అడగకుండా బయానా ఇవ్వకూడదు.

గుంటూరు మిర్చి, కోల్డ్ స్టోరేజీ

వ్యాపారమూ ఆస్తీ ఎంతగా కలిసిపోతాయో చూడాలంటే గుంటూరు వెళ్లాలి. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డుగా పేరున్న ఆ ఊరి చుట్టూ వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. జనవరి నుంచి వేసవి దాకా కోత సాగుతుంది. అప్పుడు ధర నచ్చని రైతు, ధర పెరుగుతుందని ఎదురుచూసే వ్యాపారి టిక్కీల (బస్తాల) కొద్దీ కాయను చల్లని గదుల్లో పెడతారు. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైచిలుకు ఉంటుంది. అద్దె టిక్కీకి ఇంత చొప్పున సీజను మొత్తానికి. సరుకు బయటికి తీసేటప్పుడు అద్దె చేతికి వస్తుంది.

బయటి నుంచి చూస్తే ఇది గోడలూ యంత్రాలూ అద్దెకిచ్చే పనిలా ఉంటుంది. లోపల నడిచేది వేరు. అమ్మోనియా యంత్రాలు నెలల తరబడి ఆగకుండా తిరగాలి, కాబట్టి కరెంటు బిల్లు పెద్ద ఖర్చు. హమాలీలతో కూలి ఒప్పందాలు చూసుకోవాలి. సరుకుకు బీమా ఉండాలి, ఎందుకంటే గుంటూరు ప్రాంతంలో కోల్డ్ స్టోరేజీల్లో అగ్నిప్రమాదాలు చాలాసార్లు జరిగాయి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది అప్పు. నిల్వ ఉంచిన సరుకు మీద రైతుకు, వ్యాపారికి బ్యాంకులు అప్పిస్తాయి. చాలాచోట్ల యజమానే అప్పిస్తాడు. ధర పెరిగినప్పుడు అద్దె, వడ్డీ రెండూ వస్తాయి. పడిపోతే?

2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటిన మిర్చి 2025 ఫిబ్రవరి నాటికి దాదాపు సగానికి వచ్చింది. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది గదులు నిండుగానే ఉంటాయి. చూడటానికి వ్యాపారం బాగున్నట్టే ఉంటుంది. కానీ సరుకు విలువ దాని మీద ఇచ్చిన అప్పు కన్నా తగ్గితే, తీసుకువెళ్లాల్సినవాడు రాడు. అద్దె, అప్పు, వడ్డీ అన్నీ ఎర్రటి టిక్కీల రూపంలో లోపలే ఉండిపోతాయి. నిండిన కోల్డ్ స్టోరేజీ చూసి ధర కట్టేవాడు ఎంత సరుకు ఉందని కాక, అందులో ఎంత సరుకు మీద ఎవరి అప్పు ఉందని అడగాలి. 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ ఏర్పడింది. అందులో నమోదైన గిడ్డంగులు ఎలక్ట్రానిక్ రశీదులు ఇస్తాయి కాబట్టి వాటిలో ఈ లెక్క తేలిగ్గా బయటపడుతుంది. నమోదు లేనిచోట యజమాని చేతి పుస్తకమే ఆధారం.

మిర్చి వ్యాపారం తెలియని వ్యక్తి కోల్డ్ స్టోరేజీ కొనడం కన్నా, దాన్ని నడిపే అనుభవజ్ఞుడికి స్థలం, కట్టడం లీజుకివ్వడం మేలు. ఆదాయం తగ్గుతుంది, కంటికి నిద్ర ఉంటుంది.

మంచానికి ఇంత అనే అద్దె

అమీర్‌పేట, కూకట్‌పల్లి, మాదాపూర్, గచ్చిబౌలిల్లో రెండు వందల గజాల్లో అయిదంతస్తులు లేపి హాస్టల్‌కు ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. గది అద్దెగా చూస్తే పదిహేను వేలు పలికేచోట ముగ్గురికి మంచాలు వేసి తలా ఏడెనిమిది వేలు తీసుకుంటే మొత్తం ఇరవై వేలు దాటుతుంది. భోజనం ఖర్చు పోయినా నడిపేవాడికి మిగులుతుంది, భవన యజమానికి ఇంటి అద్దెకన్నా ఎక్కువ ముడుతుంది. రోజూ పొద్దున బాత్రూముల దగ్గర వరస, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు, లిఫ్టు మరమ్మతులు, మూడేళ్లకే పాతబడిపోయే భవనం దీనికి మరోవైపు. నలుగురు ఉండే ఇంట్లో పన్నెండు మంది ఉంటే పైపులు కూడా అంత త్వరగానే అరుగుతాయి.

ఈ ఆదాయం ఎంత త్వరగా ఆగిపోగలదో 2020 మార్చిలో అందరూ చూశారు. లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాద్‌లో అనేక హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పిల్లలు పోలీసు స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. ఆ పత్రాలతో బయల్దేరి అప్పటి కృష్ణా జిల్లా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి రోడ్డు మీద నిలబడ్డారు. ఆ తర్వాత ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చేయించడంతో మంచాలు నెలల తరబడి నిండలేదు. మహమ్మారి మళ్లీ రాకపోవచ్చు. కానీ ఒకే రకం ఉద్యోగుల మీద ఆధారపడ్డ వీధిలో ఆ ఉద్యోగాలు తగ్గితే అన్ని హాస్టళ్లూ ఒకేసారి ఖాళీ అవుతాయి. పది మంచాలు ఖాళీగా ఉన్న హాస్టల్ పక్కన మరో పది హాస్టళ్లు అదే స్థితిలో ఉంటే అద్దె తగ్గించినా ఎవరూ రారు.

కట్టడం చట్టబద్ధమా అన్నది ఇక్కడ మరీ ముఖ్యం. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో భూమి వివాదం, అనుమతులు లేని నిర్మాణాలు ఏళ్ల నాటి సమస్య. 2014లో జీహెచ్ఎంసీ, 2025 జనవరిలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ కూల్చివేతలు చేశాయి. అయినా ఆ ప్రాంతంలో హాస్టళ్లకు కొదవ లేదు, ఎందుకంటే అద్దెకుండే పిల్లలు ప్లాను అనుమతి అడగరు. అద్దె బాగా వస్తోందంటే పత్రాలు బాగున్నట్టు కాదు.

జీఎస్టీ విషయంలో కొంత ఊరట దొరికింది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు మేరకు, నెలకు మనిషికి 20 వేల రూపాయల లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉండే వసతికి పన్ను మినహాయించారు. గోదాం వంటి వాణిజ్య అద్దెకు మాత్రం 18 శాతం పడుతుంది. ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితే యజమాని నమోదు చేసుకోక తప్పదు.

ఫంక్షన్ హాళ్లకు పంచాంగమే బ్యాలెన్సు షీటు. 2024లో శుక్ర మౌఢ్యం, ఆ వెంటనే ఆషాఢం కలిసి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాలు లేవు. వేసవి సెలవుల్లో పెళ్లిళ్లు జరగాల్సిన సీజను మొత్తం హాళ్లు ఖాళీగా ఉన్నాయి. వాచ్‌మన్, తోటమాలి, జనరేటరు, అప్పు కిస్తీ మాత్రం ఆగలేదు. నిరుటి ఆదాయం చూసి హాలు కొనేవాడు వచ్చే రెండేళ్ల పంచాంగం కూడా తిరగేయాలి. పైగా ఊరికి కాస్త దూరంగా, విశాలంగా కావాలన్న కోరిక ఈ హాళ్లను చెరువుల వైపు నడిపించింది. 2024 ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట చెరువు పూర్తి నీటిమట్టం పరిధిలో ఉందంటూ ఒక పెద్ద కన్వెన్షన్ సెంటర్‌ను హైడ్రా కూల్చినప్పుడు ఆ లోపం రాష్ట్రమంతా చూసింది.

సెల్ టవర్‌కు చోటివ్వడం కొనుగోలు కాదు, ఉన్న ఆస్తికి అదనపు ఆదాయం. ఆపరేటర్లు కలిసిపోయినప్పుడు, మూతపడినప్పుడు టవర్లు తీసేస్తారు. టవర్ పెడతామని ముందే రుసుములు అడిగేవాళ్లు మోసగాళ్లు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గానీ టెలికాం శాఖ గానీ అలాంటి అనుమతి పత్రాలు ఇవ్వవు, వాటి పేర డబ్బు వసూలు చేయవు.

పెట్రోలు బంకు స్థలం మీద వచ్చే అద్దె ఎంతో భద్రమైనదన్న నమ్మకం ఉంది. ఆ భద్రతకు రెండో ముఖం కూడా ఉంది. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ అనే విదేశీ చమురు కంపెనీల ఆస్తులను ప్రభుత్వం తీసుకున్నప్పుడు, పాత లీజులను అవే షరతులతో మరో దఫా పొడిగించుకునే వీలు చట్టమే కల్పించింది. నగరం నడిబొడ్డున కోట్లు పలికే స్థలానికి పాత కాలపు అద్దె తీసుకుంటూ, దాన్ని ఖాళీ చేయించడానికి కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. ఇరవై, ముప్పై ఏళ్ల లీజు రాసేటప్పుడు అద్దె పెంపు నిబంధనే యజమానికి ఉన్న ఒకే రక్షణ. మూడేళ్లకు పదిహేను శాతమో, ఏటా అయిదు శాతమో స్పష్టంగా రాసుకోవాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి. స్టాంపు ఖర్చు మిగులుతుందని తెల్ల కాగితం మీద రాసుకుంటే వివాదం వచ్చిననాడు ఆ షరతులు కోర్టులో నిలబడవు.

హామీ అద్దె అనే ఉచ్చు

మిగతా నష్టాలన్నీ వ్యాపారంలో సహజం. ఇది అలాంటిది కాదు. పునాది కూడా తీయని వాణిజ్య భవనంలో వంద అడుగులు పది లక్షలకు తీసుకోండి, వచ్చే నెల నుంచే పదివేల అద్దె ఇస్తాం అని చెప్పేవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. లేని భవనంలో అద్దెదారు ఉండడు. ఆ పదివేలు కొనుగోలుదారు కట్టిన పది లక్షల్లోంచో, అతని తర్వాత చేరినవాడి డబ్బులోంచో వస్తాయి. కొత్తవాళ్లు చేరడం ఆగిన నెల అద్దె ఆగుతుంది. చేతికి మిగిలేది విడదీయని వాటా పేరుతో ఒక కాగితం. గ్రాట్యుటీ సొమ్ము, కూతురి పెళ్లికి దాచింది, పొలం అమ్మిన డబ్బు ఇలా పోగొట్టుకున్నవాళ్లు పోలీసు స్టేషన్ మెట్ల మీద కూర్చునే దృశ్యం ఇక్కడ పదేపదే కనిపిస్తోంది. అది కోపం తెప్పించాల్సిన విషయం.

ఫాం ప్లాట్లలోనూ ఇదే తీరు. 1990లలో టేకు మొక్కల పేరుతో డబ్బు వసూలు చేసిన కంపెనీలు కూలిపోయాకే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 1999లో సామూహిక పెట్టుబడి పథకాల నిబంధనలు తెచ్చింది. ఆ తర్వాత విజయవాడ కేంద్రంగా అగ్రిగోల్డ్ స్థలాల పేరుతో సుమారు 32 లక్షల మంది నుంచి 6,380 కోట్ల రూపాయలు సేకరించి చెల్లించలేకపోయింది. ఇప్పుడు టేకు బదులు ఎర్రచందనం, శ్రీగంధం అంటున్నారు. చెట్టు పెరగడానికి పదిహేనేళ్లు పైగా పడుతుంది, అమ్మినవాడు అప్పటిదాకా ఉంటాడన్న హామీ ఏదీ లేదు.

చట్టాలు ఉన్నాయి. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 రెరా చట్టం ప్రకారం ఎనిమిది యూనిట్లు లేదా 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టును నమోదు చేయకుండా అమ్మకూడదు. ఒప్పందం రిజిస్టరు కాకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. 2019 నాటి చట్టం అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధించింది. డబ్బు కట్టే ముందు రెరా నంబరు చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది. పోయిన డబ్బు వెనక్కి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో అగ్రిగోల్డ్ బాధితులకు తెలుసు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి మరో నిబంధన ఉంది. ప్రవాస భారతీయులు ఇక్కడ ఇల్లు, వాణిజ్య ఆస్తి కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనడానికి విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) ఒప్పుకోదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కాబట్టి డల్లాస్‌లో ఉన్నవారికి ఫోనులో ఫాం ప్లాటు అమ్మేవాడు అమ్మకూడనిది అమ్ముతున్నాడు. గోదాం కొనడానికి అడ్డు లేదు. కానీ ఆ భూమి వ్యవసాయేతర వినియోగానికి మారిందా, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఎ జాబితాలో ఉందా, అసైన్డ్ భూమా అన్నవి ముందు చూసుకోవాలి. పన్నులో ఒక చిన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. కట్టడం మీద వచ్చే అద్దెలో 30 శాతం ఖర్చుల కింద నేరుగా మినహాయిస్తారు. ఖాళీ స్థలం అద్దెకు ఆ మినహాయింపు లేదు.

ఇంత తలనొప్పి వద్దనుకునేవారికి రీట్లు ఉన్నాయి, అంటే చాలామంది డబ్బు కలిపి అద్దె భవనాల్లో పెట్టి, వచ్చే అద్దెను యూనిట్ల లెక్కన పంచే ట్రస్టులు. సెబీ 2014లో నిబంధనలు తెస్తే మొదటి రీట్ 2019లో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. మైండ్‌స్పేస్ రీట్‌కు మాదాపూర్‌లో, నెక్సస్ రీట్‌కు కూకట్‌పల్లి మాల్‌లో భవనాలున్నాయి. ఒక్క యూనిట్ కూడా కొనవచ్చు. పంపిణీకి అందుబాటులో ఉన్న నగదులో కనీసం 90 శాతం మదుపరులకు పంచాలి. 2024లో వచ్చిన చిన్న, మధ్యతరహా రీట్లు 50 నుంచి 500 కోట్ల ఆస్తులకు పరిమితం, వాటిలో కనీస పెట్టుబడి పది లక్షలు. యూనిట్ ధర మార్కెట్‌తో పాటు పడుతుంది, లేస్తుంది. అద్దె పెంచాలా, ఎవరికివ్వాలా అన్నది మదుపరి చేతిలో ఉండదు.

అయినా సొంతంగా షెడ్డు కొనేవాడు కూడా రీట్ల నుంచి ఒకటి తీసుకోవచ్చు. ఎంత జాగా నిండింది, మొత్తం అద్దెలో ఏ అద్దెదారు వాటా ఎంత, ఏ లీజు ఏ ఏడాది ముగుస్తుంది అన్న లెక్కలు అవి క్రమం తప్పక ప్రకటిస్తాయి. గోదాం అమ్మేవాణ్ని గత అయిదేళ్ల బ్యాంకు ఖాతా, లీజు పత్రాలు అడిగితే ఇవే మూడు లెక్కలు ఒక్క కాగితం మీదకు వస్తాయి.